పెరటి పువ్వు ఫోటో మసకగా వస్తుందెందుకు?

పల్లెల నుండి హైదరాబాదు చూడవచ్చిన కుటుంబాలవారు తిరుగు ప్రయాణములో తమ ఫోన్లలోని ఫోటోలను ఒకరికొకరు చూపించుకోవడము మనమందరము ఎరిగినదే. చార్మినార్ ఎదుట పిల్లలను నిలబెట్టి తీసిన ఫోటో చక్కగా వస్తుంది. జూపార్కులో ఏనుగు ఫోటో కూడా బాగానే ఉంటుంది. కాని అదే ఫోనుతో, అదే చేతితో ఒక గులాబి మీద వాలిన తేనెటీగను తీయబోతే మాత్రము వెనుకనున్న ఆకులు స్పష్టముగాను, ఎదుటనున్న తేనెటీగ మంచులో తడిసినట్టుగాను వస్తుంది. "మా ఫోను మంచిది కాదండీ" అని చాలామంది నెపము ఫోను మీదికి నెడతారు. పదివేల రూపాయల ఫోనుకైనా లక్ష రూపాయల ఫోనుకైనా ఈ చిక్కు ఉన్నదే. ఇది ధరకు సంబంధించిన సంగతి కాదు, దూరమునకు సంబంధించిన సంగతి.

కేవలము సరదా విషయమే అయితే దీని కోసము ఇన్ని పేజీలు కేటాయించవలసిన పని లేదు. నేడు మన రైతు కుటుంబాలు ఆకు ముడతనో, పురుగునో ఫోటో తీసి వ్యవసాయ అధికారికి గాని, మందుల దుకాణమునకు గాని వాట్సాప్‌లో పంపి, అక్కడి నుండి వచ్చిన మాటను బట్టి మందు కొంటున్నారు. మేము ఎరిగిన ఒక మిరప రైతుకు "ఫోటో సరిగా కనబడడము లేదు, మళ్ళీ పంపండి" అని జవాబు వచ్చింది. మళ్ళీ పంపారు, అదీ అంతే. మూడవసారి ఆ ఇంటి ఆడపిల్ల తీసి పంపిన ఫోటోకు సరియైన జవాబు వచ్చేసరికి నాలుగు రోజులు గడిచాయి. మిరపలో నాలుగు రోజులంటే ఎంతో ఆ పంట వేసినవారికి చెప్పనక్కరలేదు. ఆ పిల్ల చేసినదేమిటో, మొదటి రెండు ఫోటోలలో జరగనిదేమిటో వివరించడమే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒక మిల్లీమీటరు సంగతి

మీ చూపుడు వేలిని కంటికి జానెడు దూరములో పట్టుకొని దాని గోరును తేరిపార చూడండి. గోరు స్పష్టముగా ఉన్నప్పుడు ఎదుటి గోడ మసకగా ఉంటుంది. గోడను చూస్తే వేలు మసకబారుతుంది. ఇప్పుడు ఆ వేలిని చేయి చాపినంత దూరము జరిపి చూడండి, తేడా చాలావరకు తగ్గిపోతుంది. కెమెరా కటకము చేసేదీ ఇదే. దూరముగా ఉన్నవాటిని చూసేటప్పుడు కొన్ని గజాల మేర అంతా స్పష్టముగా పడుతుంది. దగ్గరికి వెళ్లిన కొద్దీ ఆ మేర కుంచించుకుపోయి, చివరికి ఒక పలుచని అద్దపు పలక అంత అవుతుంది. ఆ పలకలో ఉన్నది మాత్రమే స్పష్టము. దానికి ముందున్నదీ మసకే, వెనుకనున్నదీ మసకే.

ఎంత పలుచన? లెక్క చెప్పుకొందాము. పాత ఫిల్ము కెమెరాలో ఒక్కొక్క బొమ్మ పడే గడి కొలత 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు. ఒక పురుగును ఆ ఫిల్ము మీద దాని నిజమైన పరిమాణములోనే పడేలా తీశారనుకోండి. కటకపు ద్వారమును ఎఫ్/8 దగ్గర ఉంచితే స్పష్టముగా వచ్చే మందము సుమారు 1 మిల్లీమీటరు. ద్వారమును ఎఫ్/16కు తగ్గిస్తే 2 మిల్లీమీటర్లు. నిజ పరిమాణములో సగముగా తీస్తే ఎఫ్/8 దగ్గర సుమారు 3 మిల్లీమీటర్లు. తేనెటీగ తల నుండి తోక వరకు ఒక సెంటీమీటరు పైనే ఉంటుంది గదా! అంటే తేనెటీగ మనకు ఎదురుగా తిరిగి ఉంటే దాని కన్ను స్పష్టముగా వచ్చినప్పుడు దాని పొట్ట రానే రాదు. ఫోనులోని సెన్సారు చాలా చిన్నది గనుక ఈ మందము కొంత ఎక్కువే దొరుకుతుంది గాని, చేయి కాస్త ముందుకు వెనుకకు ఊగితే పోయేంతటిదే.

నమ్మకము లేకపోతే ఈ పత్రికనే బల్ల మీద పరచండి. ఫోనును నిలువుగా గాక ఏటవాలుగా పట్టుకొని, బెత్తెడు దూరము నుండి పేజీ మధ్యలోని ఒక అక్షరమును తాకి ఫోటో తీయండి. తరువాత ఫోటోను పెద్దది చేసి చూడండి. రెండు మూడు వరుసలు మాత్రమే చదవడానికి వీలుగా ఉండి, పైవీ క్రిందివీ అలికినట్టుగా ఉంటాయి. స్పష్టముగా ఉన్న ఆ వరుసలే మీ ఫోను మీకిచ్చిన పలక మందము. ఇంట్లో పిల్లలకు సైన్సు పాఠముగా కూడా ఇది పనికివస్తుంది.

కనుక దగ్గరి ఫోటోలో మొదటి ప్రశ్న "ఎలా తీయాలి" అన్నది కాదు. "ఈ ఫోటోలో ఏ ఒక్కటి స్పష్టముగా ఉండాలి" అన్నది. కేసరమా, రేకు అంచా, పురుగు కన్నా, ఆకు వెనుక మచ్చా? అది మనము తేల్చకపోతే ఫోను తేలుస్తుంది. ఫోనుకు పువ్వు అంటే ఏమిటో తెలియదు. వెలుగు నీడల తేడా బలముగా ఉన్నది, వైశాల్యములో పెద్దది ఎక్కడ కనబడితే అటు పోతుంది. సన్నని కాడ చివరనున్న చిన్న పువ్వును వదిలి వెనుక ప్రహరీ గోడను పట్టుకొనడము అందువల్లనే.

పాతబస్తీ వాకిళ్లు

ఈ పని నేర్చుకొనడానికి హైదరాబాదు పాతబస్తీ కంటే అనువైన చోటు మాకు కనబడలేదు. వినేవారు నవ్వవచ్చు. చార్మినార్ చుట్టూ గాజుల దుకాణాలు, ఆటోలు, జనమే గాని తోటలెక్కడ అని. అయితే 17వ శతాబ్దములో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ తన యాత్రా గ్రంథములో ఈ నగరాన్ని బాగ్‌నగర్ అనే పేరుతో పేర్కొన్నాడు. బాగ్ అంటే తోట. ఆ పేరు ఎలా వచ్చిందన్న దాని మీద చరిత్రకారులలో వాదాలున్నాయి, వాటి జోలికి మేము పోము. తోటలు మాత్రము ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలావరకు ఇళ్ల కిందికి పోయినా, మొఘల్‌పురా, షాలిబండ, హుసేనీ ఆలం సందులలో పాత ఇంటి తలుపు తీస్తే లోపల వాకిలి, ఆ వాకిట్లో నూనె డబ్బాలలోను, పగిలిన బక్కెట్లలోను పెరుగుతున్న గులాబి, మల్లె, పుదీన, కరివేపాకు నేటికీ కనబడతాయి.

నాలుగు వైపులా గోడలున్న ఆ వాకిలిలో ఫోటో తీసేవారికి రెండు వరాలు. ఒకటి గాలి ఉండదు. రెండవది ఎండ సూటిగా పడకుండా సున్నపు గోడల మీద పడి తిరిగి మెత్తగా మొక్క మీదికి వస్తుంది. ఆరుబయట తోటలో అరగంట ఓపిక పట్టినా దొరకని నిశ్చలత ఆ వాకిట్లో ఉదయము ఎనిమిది గంటలకు ఊరకనే దొరుకుతుంది. మన పల్లెలలోని మండువా ఇళ్లలోనూ ఇదే లాభము ఉన్నది, వాడుకోము అంతే.

ఇక్కడ ఒక మర్యాద చెప్పాలి. ఎవరి వాకిట్లోకైనా ఫోను చేతపట్టుకొని తిన్నగా చొరబడకూడదు. పాతబస్తీలో అనేక కుటుంబాలలో స్త్రీలు పరాయివారి ఎదుటికి రారు. గుమ్మము బయటే నిలబడి, ఇంటి పెద్దను పిలిచి, "మీ పువ్వు ఫోటో తీసుకోవచ్చునా" అని అడిగి, అనుమతి ఇచ్చిన తరువాతనే లోపలికి వెళ్లాలి. తీసినది వారికి చూపించాలి. మేము అడిగిన చోటల్లా టీ కూడా ఇచ్చారు. ఇష్టము లేదన్నవారి దగ్గర నమస్కారము చెప్పి వెనుదిరగడమే. ఇంటి వాకిలి దొరకనివారికి ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్ ఉన్నది. 18వ శతాబ్దములో ప్రారంభమై 19వ శతాబ్దములో పూర్తయిన ఆ భవనాల మధ్య నీటి కొలను, పూల మడులు ఉన్నాయి. టికెట్టు కొని ఎవరైనా లోపలికి వెళ్లవచ్చు.

ఈ ఊరిలో ఫోటోగ్రఫీ గురించి మాట్లాడి రాజా దీన్‌దయాళ్ పేరు ఎత్తకపోవడము భావ్యము కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన 1905లో మరణించారు. "రాజా" అన్నది నిజాం ఇచ్చిన బిరుదు. పైన చెప్పిన పరదా మర్యాదను ఆయన ఎంతగా గౌరవించారంటే, 1892లో కేవలము స్త్రీల కోసము జనానా స్టూడియో ఒకటి తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల స్త్రీకి అప్పగించారు. ఆ రోజుల కెమెరా పని ఎలా ఉండేదో ఊహించండి. బరువైన చెక్కపెట్టెను మూడు కాళ్ల మీద నిలిపి, నల్లగుడ్డ కప్పుకొని, వెనుకనున్న గరుకు అద్దము మీద తలక్రిందులుగా పడే బొమ్మను చూస్తూ, భూతద్దముతో పరీక్షించి, మర తిప్పి స్పష్టము చేసుకోవాలి. ఆ తరువాతనే గాజు పలకను లోపల పెట్టడము. ఫలక్‌నుమా మందిరాల ఫోటోలలో ఈ నాటికీ ప్రతి దీపపు గాజూ లెక్కపెట్టగలిగేలా ఉన్నదంటే ఆ నల్లగుడ్డ క్రింద గడిపిన నిమిషాల వల్లనే. మన చేతిలోని ఫోను ఒక్క క్షణములో వంద పనులు చేస్తుంది గాని, తీయబోయే ముందు బొమ్మను పెద్దది చేసి పరీక్షించే ఆ ఒక్క పనిని మనకే వదిలేసింది.

ఫోనుతో చేయవలసినది

మొదట కటకము తుడవండి. వంటింట్లో నూనె చేతులతో, పొలములో మట్టి చేతులతో పట్టుకొనే ఫోను అది. మెత్తని నూలు గుడ్డతో తుడిస్తే సగము మసక అక్కడే పోతుంది. ఇది మరీ చిన్న మాటగా తోస్తుంది గాని, మాకు చూపించిన మసక ఫోటోలలో చాలావాటికి కారణము ఇదే.

తరువాత దూరము. ఎక్కువ ఫోన్లలోని ప్రధాన కెమెరా బెత్తెడు కంటే దగ్గరనున్న వస్తువును స్పష్టముగా చూడలేదు. పెద్ద సెన్సారు పెట్టిన కొత్త ఫోన్లు కొన్నింటికి బెత్తెడు కూడా చాలదు, జానెడు కావాలి. పువ్వుకు ఆనుకొని తీస్తే బాగా వస్తుందన్నది అపోహ. బెత్తెడో జానెడో వెనుకకు జరిగి, రెండింతల జూము పెట్టి తీయండి. లేదా జూము లేకుండానే తీసి, తరువాత అనవసరమైన భాగము కత్తిరించండి. మసకగా వచ్చిన పెద్ద పువ్వు కంటే స్పష్టముగా వచ్చిన చిన్న పువ్వు మేలు.

కొన్ని తక్కువ ధర ఫోన్లలో "మాక్రో" అని వేరే కెమెరా ఒకటి ఉంటుంది. దీని సంగతి అమ్మేవారు చెప్పరు. వీటిలో చాలావాటికి ఫోకస్ మారదు, సుమారు 4 సెంటీమీటర్ల దూరమునకు బిగించి ఉంటుంది. తెర మీద ఎన్నిసార్లు వేలితో తాకినా ప్రయోజనము లేదు. రెండు వేళ్ల వెడల్పు దూరములో ఫోనును ఉంచి, మిల్లీమీటరు మిల్లీమీటరుగా ముందుకు వెనుకకు జరుపుతూ స్పష్టమైన చోట ఆగాలి. అంత దగ్గరలో ఫోను నీడ పువ్వు మీద పడుతుంది గనుక వెలుతురు ప్రక్క నుండి వచ్చేలా నిలబడాలి. ఆ కెమెరాలలో బొమ్మ నాణ్యత కూడా తక్కువే. మా మట్టుకు మేము వాటిని వదిలి ప్రధాన కెమెరానే వాడమంటాము. ఖరీదైన ఫోన్ల సంగతి వేరు. 2021 నుండి వచ్చిన కొన్నింటిలో వెడల్పు కెమెరాకే ఫోకస్ మారే ఏర్పాటు చేశారు, అవి 2 సెంటీమీటర్ల దగ్గరి నుండి కూడా తీస్తాయి.

ఇప్పుడు ఫోకస్. స్పష్టముగా కావలసిన చోట తెర మీద వేలితో తాకి, అలాగే ఒక క్షణము నొక్కి పట్టుకొంటే చాలా ఫోన్లలో ఫోకస్ తాళము పడుతుంది. ఆ తరువాత ఫోను దానిని మార్చదు. పువ్వు సన్నగా ఉండి ఫోను మాటిమాటికీ వెనుక గోడకు పోతుంటే ఒక ఉపాయమున్నది. మీ అరచేతిని పువ్వు ప్రక్కన, సరిగా అదే దూరములో పెట్టండి. ఫోను అరచేతిని సులభముగా పట్టుకొంటుంది. అప్పుడు తాళము వేసి, చేయి తీసివేయండి.

తాళము పడిన తరువాత దూరము మన చేతిలో ఉన్నది. మోచేతులను ప్రక్కటెముకలకు ఆనించి, మోకాలి మీద కూర్చొని, ఊపిరి నెమ్మదిగా విడుస్తూ, నడుము దగ్గర నుండి వెంట్రుకవాసి ముందుకు వంగుతూ వరుసగా పది పన్నెండు ఫోటోలు తీయండి. వాటిలో ఒకటి రెండు తప్పక ఆ పలకలో పడతాయి. మిగిలినవాటిని ఆ సాయంత్రమే చెరిపివేయవచ్చు. ఫిల్ము రోజులలో ఒక రీలుకు 36 ఫోటోలు మాత్రమే, ప్రతి నొక్కుకూ డబ్బు. ఆ భయము ఇప్పుడు లేదు. పెన్నుకర్రనో, చేతికర్రనో నేల మీద నిలిపి ఫోనును దానికి ఆనించి పట్టుకొన్నా చేయి నిలుస్తుంది. రెండు ఇటుకల మీద పెట్టి రెండు క్షణాల టైమరు వాడితే ఇంకా మంచిది.

పలకను పూర్తిగా వాడుకొనడము అందరికంటే ముఖ్యమైన కిటుకు. ఆకును తీస్తుంటే ఫోను ఆకుకు సమాంతరముగా ఉండాలి, అప్పుడు ఆకంతా ఆ ఒక్క పలకలోనే ఒదుగుతుంది. సీతాకోకచిలుక రెక్కలు మూసుకొని ఉంటే ప్రక్క నుండి, విప్పుకొని ఉంటే పై నుండి తీయాలి. ఎదుటి నుండి తీయవలసి వస్తే కంటిని పట్టుకోండి. ఏ ప్రాణి ఫోటోలోనైనా కన్ను స్పష్టముగా ఉంటే మిగిలినది మసకైనా చూపరులకు కొరతగా తోచదు. కన్ను మసకై రెక్క స్పష్టముగా ఉంటే ఏదో తప్పిందని చిన్నపిల్లలు కూడా అంటారు.

గాలి సంగతి. కాడ అర సెంటీమీటరు ఊగితే చాలు, మన ఒక మిల్లీమీటరు పలక దాటిపోయినట్టే. సూర్యోదయము తరువాత మొదటి గంటలో గాలి తక్కువ, పురుగులు కూడా చలికి మందకొడిగా ఉంటాయి. కాడకు బట్టల క్లిప్పు పెట్టి ఒక పుల్లకు ఆనించినా నిలుస్తుంది, మొక్కకు దెబ్బ తగలకూడదు సుమా. గాలిని ఆపడానికి ఈ ఊరిలోనే ఒకాయన పడిన కష్టము చూడండి. మూసీ అవతల, సికింద్రాబాదు బేగంపేటలో డాక్టరు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించేవారు. ఆ ఉక్కలో కూడా పంకా వేయించుకోలేదు. పంకా గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయని. చెమట ఆయన సూక్ష్మదర్శిని మరలను తుప్పు పట్టించింది. ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని ఆయన చూడగలిగారు, 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. సూక్ష్మదర్శినిలో ఫోకస్ ఇంకా పలుచన, చిక్కు మాత్రము మన గులాబి ముందున్నదే.

ఫ్లాష్ వాడకండి. దగ్గరలో అది రేకులను సున్నము కొట్టినట్టు చేస్తుంది. నీడ వైపు ఒక తెల్ల కాగితము పట్టుకొంటే చాలినంత వెలుతురు తిరిగి వస్తుంది.

కెమెరా ఉన్న యౌవనస్థులకు రెండు మాటలు. ద్వారము చిన్నది చేస్తే స్పష్టత మందము పెరుగుతుందని ఎఫ్/22 దాకా పోవద్దు. అక్కడ కాంతి చెదిరి మొత్తము బొమ్మే మెత్తబడుతుంది. ఎఫ్/8 నుండి ఎఫ్/11 వరకు చాలు. చేతితో తీసేటప్పుడు వేగము క్షణములో 250వ వంతు కంటే తగ్గనీయకండి. మాక్రో కటకము కొనే స్తోమత లేనివారు ఇంట్లో మూలనున్న పాత 50 మి.మీ. కటకమును వెనుకకు తిప్పి, ఒక రింగుతో కెమెరాకు బిగిస్తే దాదాపు నిజ పరిమాణములో తీయవచ్చు. ఆ రింగు ధర స్వల్పము. అప్పుడు ఫోకస్ మర పనిచేయదు, మనమే ముందుకు వెనుకకు ఊగాలి. పై ఫోను పద్ధతే.

కరివేపాకు చెట్టు దగ్గర

పాతబస్తీ అంచున బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు ప్రక్కన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉన్నది. 1963లో ప్రారంభమైన ఈ జూ విస్తీర్ణము 380 ఎకరాలు. అందరూ పులుల దగ్గర గుమికూడతారు గాని సీతాకోకచిలుకల కోసము పెంచిన తోట కూడా అందులో ఉన్నది. సోమవారము సెలవు. పిల్లలతో వెళ్లేవారు తలుపులు తెరిచిన వెంటనే ఆ తోటకు వెళ్లి, ఎండ ముదిరిన తరువాత మిగిలినవి చూడడము మంచిది. ఉదయపు చలిలో అవి రెక్కలు కాచుకొంటూ కదలకుండా కూర్చుంటాయి, పది దాటితే చేతికి చిక్కవు.

అంత దూరము వెళ్లలేనివారు పెరటిలోని కరివేపాకు చెట్టునో నిమ్మ చెట్టునో వెదకండి. కామన్ మోర్మన్ అని పుస్తకాలలో వ్రాసే నల్లని పెద్ద సీతాకోకచిలుక వాటి ఆకుల మీదనే గుడ్లు పెడుతుంది. చిన్న వయసులో దాని గొంగళిపురుగు పిట్ట రెట్టలా ఉంటుంది, మోసపోయి దులిపేస్తాము. పెరిగిన తరువాత పచ్చగా మారుతుంది. ముట్టుకొంటే తల దగ్గర నుండి ఎర్రని కొమ్ముల వంటివి బయటికి చాపుతుంది. కదలదు, ఎగరదు, రోజూ అక్కడే ఉంటుంది. దగ్గరి ఫోటో నేర్చుకొనేవారికి ఇంతకంటే ఓపికగల గురువు దొరకదు. గుడ్డు నుండి రెక్కల దాకా రోజుకొక ఫోటో తీసిన పిల్లలు మా ఎరుకలో ఉన్నారు. ఆ నాలుగు కరివేపాకులు పోయినందుకు వారి తల్లులు సణిగారు గాని, చెట్టు మళ్ళీ చిగిర్చింది.

పొలములో పనికివచ్చే ఫోటో

ఇక మొదట చెప్పిన మిరప రైతు విషయము. మిరపాకు పైకి ముడుచుకొంటే సాధారణముగా తామర పురుగులు, క్రిందికి ముడుచుకొంటే తెల్లనల్లి. రైతులు దీనిని పై ముడత, క్రింది ముడత అంటారు. రెండింటికీ మందులు వేరు. తామర పురుగుకు వాడే మందులలో చాలావాటికి నల్లి చావదు. మసక ఫోటోలో ముడత ఎటు తిరిగిందో కూడా తెలియదు. ఆ రైతు పంపిన మొదటి రెండు ఫోటోలు నిలబడి, చెట్టంతటినీ, ఎదురెండలో తీసినవి. ఫోను వెనుక గట్టు మీది గడ్డిని పట్టుకొన్నది. ఆ పిల్ల ఒక రెమ్మను నీడలోకి వంచి, వెనుక తన తెల్ల ఓణీ అడ్డము పెట్టి, ఆకుకు సమాంతరముగా బెత్తెడు దూరములో తీసింది. వెనుక ఏమీ లేకపోయేసరికి ఫోనుకు ఆకును పట్టుకొనడము తప్ప వేరే దారి లేకపోయింది!

మొక్కజొన్నలో కత్తెర పురుగు విషయము కూడా అంతే. 2018 మే నెలలో కర్ణాటకలో మొదట కనబడిన ఈ పురుగు ఆ సంవత్సరమే మన పొలాలలోకి వచ్చింది. మామూలు లద్దె పురుగుల నుండి దీనిని వేరు చేసే గుర్తులు రెండు. తల మీద తలక్రిందులైన ఆంగ్ల అక్షరము వై ఆకారము, తోకకు ముందరి కణుపు మీద చతురస్రముగా నాలుగు నల్ల చుక్కలు. పురుగు బాగా ఎదిగినా 3 నుండి 4 సెంటీమీటర్లే. తల ఒక చివర, చుక్కలు ఒక చివర. కనుక ఒక్క ఫోటోతో సరిపెట్టకుండా, పురుగును ఆకు మీద చాపుగా ఉన్నప్పుడు పై నుండి ఒకటి, తలను ఒకటి, తోక వైపు ఒకటి తీయాలి. ప్రక్కన ఒక అగ్గిపుల్ల పెడితే చూసేవారికి పరిమాణము తెలుస్తుంది.

అధికారికి పంపేటప్పుడు దగ్గరి ఫోటో ఒక్కటే చాలదు. మొక్క మొత్తము ఒకటి, ఆకు పైభాగము ఒకటి, అడుగుభాగము ఒకటి పంపాలి. తెల్లదోమ, పేనుబంక, నల్లి అడుగునే ఉంటాయి. నల్లి అర మిల్లీమీటరు కూడా ఉండదు గనుక ఫోను కటకము ముందు నగల పనివారు వాడే చిన్న భూతద్దమును ఆనించి తీస్తే గాని చుక్కగానైనా కనబడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోను కుదించివేస్తుంది, మనము కష్టపడి తెచ్చుకొన్న స్పష్టత దారిలోనే పోతుంది. 2023 నుండి అందులో "హెచ్‌డి" అని ఒక గుర్తు ఇచ్చారు, దానిని నొక్కి పంపండి. లేదా "డాక్యుమెంట్" అన్న చోట నుండి పంపితే ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది.

2021 పంటకాలములో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను కుదిపివేసిన నల్ల తామర పురుగు మాత్రము ఎక్కువగా పువ్వు లోపలే దాగి ఉంటుంది. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. పువ్వులోకి ఫోను దూర్చి తీయబోతే ఏదీ కనబడదు. తెల్ల కాగితమును అరచేతిలో పరచి, పువ్వును దాని మీద రెండు మూడుసార్లు తట్టండి. పురుగులు కాగితము మీద పడి పరుగెత్తుతాయి. కాగితము చదునుగా ఉంటుంది గనుక ఫోకస్ చిక్కు లేదు. కాగితము మీద ముందే పెన్సిలుతో ఒక గీత గీసి, ఆ గీతను తాకి తాళము వేసి సిద్ధముగా ఉంచుకోండి. పువ్వు తట్టేది ఒకరు, ఫోటో తీసేది ఇంకొకరు. ఉదయము, నీడలో, కాగితము మీద పడిన వెంటనే.